ఫుల్లా ఊపిరి లెక్క

షుబ్రా, కైరో
12 అక్టోబరు 1999

తమ్ముడూ బద్రావీ,

దేవుడు నిన్నూ వగీదానూ పిల్లల్నీ చల్లగా చూడాలి. ఆదివారం పొద్దున మన ఊరి సాబిర్ బాబాయ్ తన టాక్సీ మా వీధి మొదట్లో ఆపి, ఊరంతా వినబడేలా నా పేరు పిలిచి బుట్ట ఇచ్చి వెళ్ళాడు. ఫతీరు రొట్టెలు ఇంకా మెత్తగానే ఉన్నాయి. జున్ను మాత్రం దారిలో నీళ్ళు వదిలి నీ ఉత్తరాన్ని తడిపేసింది. చివరి నాలుగు వరసలు చదవలేకపోయాను. నన్ను తిట్టి ఉంటావులే అని ఊరుకున్నాను.

మీ ఊరి కిరాణా కొట్టు ఫోనుకి ఇక చేయను. పోయినసారి నేను నీతో చెప్పిన నా మోకాళ్ళ నొప్పి గురించి ఆ కొట్టులో విన్న ఇద్దరు ముగ్గురు కైరో వచ్చి మరీ పరామర్శించారు. ఉత్తరమే నయం, కనీసం చదువు రాని వాళ్ళ నుంచైనా తప్పించుకుంటుంది.

ఇక్కడ పని తెమలడం లేదు. రంజాను నెల రాకముందే పెళ్ళిళ్ళన్నీ చేసేసుకోవాలని జనం తొందర. నా దగ్గర పదకొండు పెళ్ళి గౌన్లు ఉన్నాయి. నలభై ఏళ్ళుగా కుడుతున్నాను కానీ ఇలాంటి కష్టం ఎప్పుడూ రాలేదు. కష్టం గౌన్లతో కాదు, ఆకాశంతో. వారం రోజులుగా పొద్దున్నే కిటికీ తెరిస్తే ఎదురు మేడ కనబడటం లేదు. సూర్యుడు నడినెత్తికి వచ్చాక కూడా కళ్ళెత్తి చూడగలిగేలా ఎర్రగా ఉంటున్నాడు. తెల్ల శాటిన్ బాల్కనీలో గంటసేపు ఆరేస్తే మెడ దగ్గర బూడిద పడుతోంది. పేపర్లవాళ్ళు దీనికి మసిమబ్బని పేరు పెట్టారు. పేరైతే పెట్టారు గానీ ఎక్కడి నుంచి వచ్చిందో ఒకడు ఫ్యాక్టరీలంటాడు, ఇంకొకడు చెత్త మంటలంటాడు.

అసలు సంగతికి వస్తాను. ఫుల్లాకి ఒంట్లో బాగాలేదు. పిల్లి మల్లెపువ్వులా తెల్లగా ఉందని ముచ్చటపడి ఆ పేరు పెట్టుకున్నానా, ఇప్పుడు దాని వీపు కూడా బూడిద పట్టిన నా శాటిన్ రంగులోకే తిరిగింది. అది కాదు నా బాధ. ఉన్నట్టుండి నేలకి అతుక్కుపోయి, మెడ ముందుకు చాచి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గుతోంది. కడుపులో వెంట్రుకల ఉండ చేరిందేమోనని ఆలివ్ నూనె పట్టించాను. ఏమీ బయటికి రాలేదు. దగ్గి దగ్గి ఏమీ జరగనట్టు కాళ్ళు నాక్కుంటుంది.

నువ్వు నవ్వినా సరే, చెప్తున్నాను. పెళ్ళి చేసుకోలేదని నాకు ఏనాడూ దిగులు లేదు. కానీ ఏడేళ్ళుగా ఈ మూడు గదుల్లో నేను రోజంతా మాట్లాడేది దీనితోనే. కుట్టుమిషను చప్పుడు ఆగగానే తల ఎత్తి నా వంక చూస్తుంది. దానికేమైనా అయితే నేను తట్టుకోలేను. వగీదాకి ఏమైనా మందు తెలుసేమో అడుగు.

నీ అక్క,
ఇన్సాఫ్


కఫ్ర్ హమ్మాద్, షర్కియా
16 అక్టోబరు 1999

అక్కా,

నీకు వెయ్యి నమస్కారాలు, వగీదావి మరో వెయ్యి. నిన్ను ఉత్తరంలో తిట్టేంత ధైర్యం నాకెక్కడిది? ఆ తడిసిన నాలుగు వరసల్లో నీ ఆరోగ్యం అడిగాను, అంతే.

నీ ఉత్తరం వగీదాకి చదివి వినిపించాను. "వెంట్రుకల ఉండా లేదు, వెధవ ఉండా లేదు. దిష్టి తగిలింది దానికి," అంది వెంటనే. మీ పక్కింటి ఉమ్ గాబర్ ఉందే, పోయిన పండక్కి మేం వచ్చినప్పుడు నా కళ్ళముందే పిల్లి వీపు నిమిరి, "అబ్బ, పాల మీగడలా ఎంత తెల్లగా ఉందమ్మా!" అంది. దేవుడి పేరు తలుచుకోకుండా అంది. నేను అప్పుడే అనుకున్నాను.

అందుకని వగీదా ధూపం పొట్లం కట్టి ఇచ్చింది, సాబిర్ బాబాయ్ తెస్తాడు. అమ్మ చేసినట్టే చెయ్యి. కాగితంతో బొమ్మ కత్తిరించు. దిష్టి పెట్టి ఉంటారని అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెబుతూ గుండుసూదితో బొమ్మని పొడువు. తర్వాత నిప్పుల మీద ధూపంతో పాటు బొమ్మని కూడా వేసి, ఆ పొగ పిల్లి చుట్టూ ఏడుసార్లు తిప్పు. కిటికీలు, తలుపులు గట్టిగా మూసెయ్యమని వగీదా మరీ మరీ చెప్పింది. పొగ బయటికి పోతే ఫలితం దక్కదట.

ఇక్కడ దేవుడి దయవల్ల పంట బాగుంది. రెండెకరాల ధాన్యం ఇంటికి చేరింది, ఆలస్యంగా నాటిన మూడో ఎకరం కోతకి వచ్చింది. కాలువ నీటి వంతు మా వైపు వచ్చేలోగా పొలంలో వరిగడ్డి తగలెట్టి, తడిపి, బెర్సీమ్ గింజలు చల్లేయాలి. వెనకబడితే చలికాలమంతా గేదెలకి మేత ఉండదు. ఊపిరి సలపనంత పని.

నువ్వు ఆ కైరోలో ఏం పీలుస్తున్నావో తలుచుకుంటే నాకు భయమేస్తుంది. ఆ బస్సులు, ఆ ఫ్యాక్టరీలు, మనిషి మీద మనిషి. మిమ్మల్ని చూసి పిల్లులైనా దగ్గవా? ఇక్కడికొచ్చి ఒక నెల ఉండరాదూ?

నీ తమ్ముడు,
బద్రావి


షుబ్రా, కైరో
21 అక్టోబరు 1999

ఒరేయ్ బద్రావీ,

నువ్వు చెప్పినట్టే అంతా చేశాను. అదే నా తప్పు.

మంగళవారం సాయంత్రం బొమ్మ కత్తిరించాను. నా కత్తెరకి తెల్లకాగితం దొరికితే ఆగదు కదా, దానికి గౌను కూడా పెట్టాను. పేర్లు చెబుతూ పొడిచాను. ఉమ్ గాబర్ పేరు, మాంసం కొట్టువాడి పేరు, భుజాల దగ్గర బిగుతుగా ఉందని మూడుసార్లు గౌను వెనక్కి పంపిన పెళ్ళికూతురి తల్లి పేరు. ఇంకా చేతిలో సూది ఉంది కదా అని నీ పేరు కూడా చెప్పి ఒక పోటు వేశాను. "ఈ పిల్లి తినే తిండి నా పిల్లలు తినరు" అని నువ్వూ అన్నావుగా మరి. అన్నీ మూసి ధూపం వేశాను.

నాలుగో చుట్టుకే ఫుల్లా నా చేతుల్లోంచి జారి మంచం కిందికి పోయింది. వంగి చూస్తే నోరు తెరిచి ఉంది, నాలుక నేరేడుపండు తిన్నట్టు ఉంది. దాన్ని దిండుగలీబులో వేసుకుని, చెప్పులు కూడా లేకుండా ట్రాము వీధి దాకా పరిగెత్తాను. అక్కడ మేడ మీద జంతువుల డాక్టరమ్మ ఉంది, మార్సెల్ అని. నా వయసే ఉంటుంది, కళ్ళద్దాలు దారంతో కట్టుకుని తిరుగుతుంది. నా బట్టల వాసన చూసింది.

"ఏం పెట్టావమ్మా దీనికి?"

"దిష్టికని ధూపం..."

"ఊపిరాడక చస్తున్న ప్రాణికి పొగ పెట్టావా? నీకు దగ్గొస్తే నీ మొహానికీ పెట్టుకుంటావా?" అంది. మాట అంటూనే సూది మందు ఇచ్చేసింది. నేను గోడకి ఆనుకుని ఏడ్చాను. గంటకి నాలుక మళ్ళీ గులాబిరంగులోకి వచ్చింది.

అప్పుడు ఎక్స్‌రే తీసి కిటికీకి అడ్డంగా పట్టుకుని చూపించింది. బద్రావీ, నేను జీవితంలో ఎన్నో కొలతలు తీశాను గానీ ఒక ప్రాణిని లోపలివైపు నుంచి చూడటం ఇదే మొదటిసారి. నా పిడికిలంత చోటు. అందులో కొమ్మలు, రెమ్మలు, వాటికి ఇంకా సన్నని రెమ్మలు. ఆరోగ్యంగా ఉంటే ఆ సన్నవి కనబడవట. ఫుల్లాకి ట్రాము పట్టాల్లా రెండేసి తెల్లగీతలుగా కనబడుతున్నాయి. గొట్టాల గోడలు వాచిపోయాయట. ఇది ఉబ్బసం, మనుషులకొచ్చేదే. వెంట్రుకల ఉండనుకుని అందరూ నెలలు గడిపేస్తారట. "ఈ వారంలో ఇది పదిహేడో పిల్లి," అంది డాక్టరమ్మ. "మసిమబ్బు ముందు వీటికే తెలిసింది. నేలకి దగ్గరగా పీలుస్తాయి, రోజంతా పీలుస్తాయి, ఒంటి మీద పడ్డది కూడా నాకి మింగుతాయి."

పసిపిల్లలకి వాడే ఉబ్బసం పంపు రాసింది. పిల్లి మూతికి సరిపోవడానికి నీళ్ళ సీసా అడుగు కోసి, చిన్న ముసుగు తగిలించి ఆవిడే చేసిచ్చింది. రోజుకి రెండుసార్లు. అది నిద్రపోతున్నప్పుడు పక్కటెముకల మీద వేలు ఆనించి నిమిషానికి ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టమంది. ముప్ఫై లోపు ఉండాలి. నిన్న యాభై రెండు. పొగలేని చోటికి కొన్నాళ్ళు పంపగలిగితే బతుకుతుంది అని చెప్పింది. అలాంటి చోటు నాకెక్కడుంది?

పొట్లంలో మిగిలిన ధూపం పారేశాను. వగీదాతో చెప్పకు.

ఇన్సాఫ్


కఫ్ర్ హమ్మాద్
24 అక్టోబరు 1999

అక్కకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫుల్లా గండం గడిచినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. తర్వాత ఆ సూది పోటు దగ్గరికొచ్చి ఆగిపోయాను.

నాన్న పోయాక నీ మాటకి ఎదురు చెప్పలేదు. ఏటా మొదటి బియ్యం బస్తా నీకు పంపాకే నా ఇంట్లో కుండ పెడుతున్నాను. నీ పిల్లికి నేను దిష్టి పెట్టానా? తిండి గురించి అన్నది సరదాకి అన్నాను. సరదాని సూదితో పొడుస్తారా? వగీదా నవ్వేసింది, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంకోమాట, నువ్వు పారేసిన ధూపం సంగతి కూడా ఆమెకి తెలిసిపోయింది. ఉత్తరం ఆమెకి చదివి వినిపించేది నేనేనని మరిచిపోయావు.

అయినా నేను పగ పట్టే మనిషిని కాదు. "పొగలేని చోటు నాకెక్కడుంది" అని రాశావే, నువ్వు పుట్టిన ఊరు గుర్తు రాలేదా? చుట్టూ నలభై కిలోమీటర్లలో ఒక ఫ్యాక్టరీ గొట్టం చూపించు. ఫుల్లాని నా దగ్గరికి పంపు. మేడ మీద పావురాల గూటి పక్క గది ఖాళీ చేయించాను. నా చేత్తో నేనే మందు వేస్తాను. నేను దిష్టి పెట్టేవాడినో కాదో అప్పుడు తెలుస్తుంది నీకు.

బద్రావి


షుబ్రా
27 అక్టోబరు 1999

బద్రావీ,

నీ అలక చిన్నప్పటి నుంచీ ఇంతే, పెదవి ముందుకొచ్చి వారం దాకా లోపలికి పోదు. సరే, ఆ పోటు వాపసు తీసుకున్నాను. మాంసం కొట్టువాడిది మాత్రం తీసుకోను.

ఫుల్లాని సాబిర్ బాబాయ్‌తో పంపుతున్నాను. నేనే రావాలి, కానీ గురువారానికి రెండు గౌన్లు ఇవ్వకపోతే ఆ పెళ్ళిళ్ళలో నన్ను తలచుకుంటారు. నిన్నటి లెక్క నలభై ఎనిమిది.

ముసుగు మూతికి మెల్లగా ఆనించు, భయపెట్టకు. పంపు ఒక్కసారి నొక్కి, అది పదిసార్లు ఊపిరి తీసేదాకా పట్టుకో. మూతి తిప్పుకుంటే దాని పేరు పెట్టి పిలువు, "ఫుల్లా, నా తల్లీ" అనాలి, ఉత్త ఫుల్లా అంటే పలకదు. పొద్దున, సాయంత్రం. మధ్యాహ్నం పడుకున్నప్పుడు వేలు ఆనించి లెక్క రాయి.

బుట్ట మూత వేస్తుంటే నా వంకే చూసింది. నాకు మనసొప్పడం లేదు. ఒక్క నెల.

ఇన్సాఫ్


జగాజీగ్, పశువుల ఆసుపత్రి
1 నవంబరు 1999

అక్కా,

ముందే చెబుతున్నాను, ఫుల్లా బతికే ఉంది. గాజుపెట్టెలో పెట్టి ఆక్సిజన్ ఇస్తున్నారు. నేను దాని ఎదురుగా బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఈ ఉత్తరం సాబిర్ బాబాయ్ నేరుగా నీ చేతికే ఇస్తాడు.

గురువారం వచ్చింది. దారిలో ఎవరితోనూ మాట్లాడలేదట. సాయంత్రానికి నా ఒళ్ళో కూర్చుంది. శుక్రవారం మధ్యాహ్నం లెక్క ముప్ఫై ఎనిమిది. కాఫీ కొట్టు దగ్గర అందరికీ గొప్పగా చెప్పుకున్నాను, "చూశారా మన గాలి! కైరోలో చావబోయిన పిల్లి" అని.

శనివారం మా వైపు నీటి వంతు ఖాయమైంది. ఇక ఆగడానికి లేదు. కాలువ పొడుగునా అందరం ఒకేసారి గడ్డికి నిప్పు పెట్టాం. నేను నా రెండెకరాలకి నాలుగు మూలలా పెట్టాను. గాలి లేదు. పొగ పైకి లేవకుండా కాలువ మీద దుప్పటిలా పరుచుకుంది. అది ఏటా చూసేదే కాబట్టి నేను తలకి గుడ్డ చుట్టుకుని పని చూసుకున్నాను. పైన గదిలో పిల్లి ఉందన్న సంగతి నాకు గుర్తుంది అక్కా. గుర్తుండి కూడా, పొగ వేరు, దాని జబ్బు వేరు అనుకున్నాను. జబ్బు కైరోది అనుకున్నాను.

మందు వేళకి పైకి వెళ్ళాను. కిటికీ రెక్క సందులోంచి పొగ వస్తోంది. ఫుల్లా నేల మీద మోచేతులు బయటికి పెట్టి, నోరు తెరుచుకుని ఉంది. పిల్లి నోటితో ఊపిరి తీయడం నేనెప్పుడూ చూడలేదు. మసి చేత్తోనే వేలు ఆనించాను. ఎనభై దాకా లెక్కపెట్టాను, తర్వాత నా వేలు అందుకోలేకపోయింది. వేలు ఆనించిన చోట తెల్ల బొచ్చు మీద నల్ల ముద్ర పడింది. దాన్ని ఎత్తుకుని కిందికి పరిగెత్తాను.

సాబిర్ బాబాయ్‌ని ఇంటి గుమ్మం దాకా బండి తెమ్మన్నాను. జగాజీగ్ దారిలో పొద్దు వాలుతోంది. రోడ్డుకి రెండు వైపులా, కంటికి ఆనినంత దూరం ప్రతి పొలంలోనూ ఒక పొగ స్తంభం. ఊరి తర్వాత ఊరు. నేను లెక్కపెట్టబోయి మానేశాను. ఇన్ని ఉంటాయని నాకు తెలియదక్కా. మా కాలువ దాటి నేను ఎప్పుడు చూశాను గనక? కాస్త పైకి వెళ్ళాక అక్కడ గాలి ఉందేమో, అన్నీ ఒకే వైపుకి వంగి, ఒకదానిలో ఒకటి కలిసి, ఒకటే మబ్బుగా మారి, నెమ్మదిగా మీ వైపు నడుస్తున్నాయి. అంత పెద్దది, అంత నిదానంగా కదిలేది నేను చూసి ఎరగను. చేతిలో పిల్లి లేకపోతే బండి ఆపి దిగి చూసేవాడిని.

"బాబాయ్, ఇది ఎక్కడిదాకా పోతుంది?" అని అడిగాను.

"కైరో దాకా నాకు తోడొస్తుంది నాయనా, రోజూ. బన్హా వంతెన దాటాక నాకంటే ముందు పోతుంది."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"అడిగినోడేడి?" అన్నాడు.

మీ పేపర్లవాళ్ళు ఫ్యాక్టరీలన్నారు, చెత్తన్నారు. అవీ ఉండే ఉంటాయి. కానీ ఇందులో నా రెండెకరాలు ఉన్నాయి. వారం కిందట నన్ను పొడిచావని అలిగాను. ఇంకా గట్టిగా పొడవాల్సింది.

ఈ డాక్టరు ఇవాళ రాత్రి గడిస్తే చెబుతానన్నాడు. నువ్వు రా.

బద్రావి


షుబ్రా
13 నవంబరు 1999

బద్రావీ,

ఇన్ని రోజులు రాయలేదు. రాస్తే ఏం రాస్తానో నాకే భయంగా ఉండింది.

ఆ మంగళవారం నేను వచ్చేసరికి నువ్వు టీకి వెళ్ళావన్నారు. నీ కండువా బల్ల మీదే ఉంది. నేను సంతకం పెట్టి, ఫుల్లాని తీసుకుని వచ్చేశాను. నీ కోసం ఆగలేదు, కావాలనే ఆగలేదు. దారి పొడుగునా కిటికీలోంచి నువ్వు రాసినవన్నీ నేనూ చూశాను. నాకు మాత్రం పెద్దగా, నిదానంగా ఏమీ అనిపించలేదు. తగలబెట్టినవాళ్ళందరినీ ఒక్కొక్కరినే పేరు పెట్టి అడగాలనిపించింది. మొదటి పేరు నీదే.

మార్సెల్ డాక్టరమ్మ మొన్న గురువారం ఒక పరీక్ష చేసింది. దాన్ని నిద్రపుచ్చి, సన్నని గొట్టంతో ఊపిరితిత్తిలోకి గోరువెచ్చని ఉప్పునీళ్ళు రెండు చెంచాలు పోసి, వెంటనే వెనక్కి లాగింది. లోపల కడిగి చూడటమన్నమాట. తేటగా పోసిన నీళ్ళు పల్చటి టీలా వచ్చాయి. అందులో ఒక చుక్క అద్దం బిళ్ళ మీద వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, తను చూసి, కుర్చీలోంచి లేచి, "రా, నువ్వూ చూడు. నీ పిల్లిది నీకు తెలియాలి," అంది.

మొదట నా కనురెప్పలే కనబడ్డాయి. తర్వాత గుండ్రంగా, నీటి బుడగల్లాంటివి కనబడ్డాయి. ప్రతి బుడగ కడుపులోనూ నల్లటి చుక్కలు. ఒకదానిలో నాలుగు, ఒకదానిలో ఇరవై, కొన్ని నిండిపోయి లోపల వెలుగే లేదు.

"ఏంటివి?"

"ఊడ్చేవాళ్ళు, ఊపిరితిత్తిలో కాపలా ఉండే కణాలు. ఊపిరితో పాటు లోపలికొచ్చిన మసిని ఒక్కో చుక్కే తిరిగి వెతికి మింగుతాయి. అరిగించుకోలేవు, ఉమ్మలేవు. మింగి, మిగతా ఊపిరితిత్తికి అంటకుండా పట్టుకుని ఉంటాయి, చచ్చేదాకా."

"ఎవరు చెప్పారు వాటికి అలా చెయ్యమని?"

"ఎవరూ చెప్పలేదు," అంది డాక్టరమ్మ. "నీలోనూ ఉన్నాయి. నాలోనూ ఉన్నాయి. ఇప్పుడు కూడా ఊడుస్తున్నాయి."

బద్రావీ, నేను ఎంతసేపు చూశానో తెలియదు. వెనక ఒక కుక్కని పట్టుకుని ఎవరో ఎదురుచూస్తున్నారు, అయినా డాక్టరమ్మ నన్ను లేవమనలేదు. ఏడేళ్ళు నా కాళ్ళ దగ్గర పడుకున్న పిల్లిలో, నేను కుట్టుకుంటూ ఉండగా, ఒక్క క్షణం ఆగకుండా ఇంత పని జరిగింది. నేను మూడోసారి కుట్టు విప్పాలంటేనే గొణుగుతాను. నా ఒళ్ళు గగుర్పొడిచింది. కోపం ఎక్కడికో పోయింది, పోయినందుకు నీ మీద ఇంకాస్త కోపం వచ్చింది కూడా.

"వీటిలో మా తమ్ముడివి ఏవి?" అని అడిగేశాను. పొలం సంగతి మొత్తం చెప్పాను.

"చెప్పలేనమ్మా. బస్సుది, గడ్డిది, చెత్తది, లోపలికెళ్ళాక అన్నీ నలుపే." మళ్ళీ తనే, "నీ ధూపం కూడా అందులోనే ఉంది," అంది.

అవును, ఉంది. నా చేత్తో, కిటికీలు మూసి మరీ పెట్టాను. కాబట్టి నిన్ను ఒక్కడినే అడిగే హక్కు నాకు లేదు.

ఇప్పుడు దాని సంగతి. నిన్నటి లెక్క ముప్ఫై నాలుగు. తింటోంది. మొన్న వాన పడి మబ్బు విడిపోయింది, ఎదురు మేడ మీద ఆరేసిన బట్టలు కూడా కనబడుతున్నాయి. కానీ వాచిన గొట్టాలు మళ్ళీ మామూలు కావట. పొగ తగలకపోతే కొన్నేళ్ళు బతుకుతుంది. కొత్తగా పుట్టే ఊడ్చేవాళ్ళు ఖాళీ కడుపులతో పుడతారట, అది ఒక్కటే ఆశ. మీ ఊళ్ళో పొగ పట్టిన ఆ శనివారం లాంటిది ఇంకొక్కటి వస్తే మాత్రం బతకదు. అంటే మళ్ళీ గడ్డి తగలబెట్టే రోజులు, వచ్చే అక్టోబరు.

నీ మూడో ఎకరం కోత అయిపోయి ఉంటుంది. గడ్డి ఏం చేశావు? నా మనసు కోసం అబద్ధం రాయకు.

ఇన్సాఫ్


కఫ్ర్ హమ్మాద్
20 నవంబరు 1999

అక్కా,

నువ్వు వచ్చి వెళ్ళిన రోజు నేను టీకి వెళ్ళలేదు. టాక్సీ దిగుతుంటే కిటికీలోంచి చూసి వెనక వరండాలోకి పోయాను. నీ మొహం చూసే ధైర్యం లేకపోయింది. నువ్వు అబద్ధం రాయొద్దన్నావు కాబట్టి ముందు ఇది రాశాను.

మూడో ఎకరం తగలెట్టలేదు.

తగలెట్టనని ముందే అనుకున్నవాడినేం కాదు. అగ్గిపెట్టె జేబులో పెట్టుకునే పొలానికి వెళ్ళాను. గట్టు మీద కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనం తెచ్చిన వగీదా, "ఏం, గాలి కోసం చూస్తున్నావా?" అంది. అవునన్నాను. సాయంత్రం దాకా గాలి బాగానే ఉంది, నేను లేవలేదు. మర్నాడు కొడవలి తీసుకుని గడ్డి మోపులు కట్టడం మొదలెట్టాను. నేనూ వగీదా కలిసి ఆరు రోజులు మోశాం. నీటి వంతు తప్పిపోయింది. ఆ ఎకరంలో బెర్సీమ్ ఇంకా చల్లలేదు, ఈ చలికాలం ఒక గేదెని అమ్ముకోవాలేమో.

ఊళ్ళో నన్ను చూసి నవ్వని వాడు లేడు. కాఫీ కొట్టు దగ్గర మన మేనమామ కొడుకు తవాబ్ లేచి నిలబడి, "ఏం బద్రావీ, పట్నం పిల్లికి పరుపు కుట్టిస్తున్నావా?" అన్నాడు. "గేదెలు ముట్టవు, గాడిదలు ముట్టవు, ఎలకలు మాత్రం సంసారాలు పెడతాయి. దేనికిరా నీకా గడ్డి?"

"నాకు తెలీదు," అన్నాను.

"తెలీకుండానే పేర్చావా?"

"తెలీకుండానే ముప్ఫై ఏళ్ళు తగలెట్టాంగా," అన్నాను. దానికి ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఒప్పుకోనూ లేదు. తవాబ్ నా టీకి డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు.

నిజంగానే దీన్ని ఏం చేయాలో నాకు తెలియదు. కుళ్ళబెట్టి ఎరువు చేయొచ్చని వ్యవసాయ శాఖ మనిషి ఒకడు అన్నాడు, ఎలాగో చెప్పకుండా పోయాడు. ఎవరైనా తమాషాకి అగ్గిపుల్ల వేస్తారేమోనని పగలంతా దాని పక్కనే నులకమంచం వేసుకుని కూర్చుంటున్నాను. ఈ ఉత్తరం కూడా అక్కడి నుంచే రాస్తున్నాను.

అక్కా, నీతో చెప్పాలనుకున్న సంగతి ఇది. నువ్వు ఆ మైక్రోస్కోపు అద్దంలోంచి చూసినంతసేపు నేను ఈ కుప్ప వంక చూస్తున్నాను. ఇంత ఉంటుందని నాకు తెలియదు. ఏటా నిప్పు పెట్టగానే గంటలో నేల చదునైపోయేది, అరచేతి మందం బూడిద మిగిలేది. గడ్డి అయిపోయిందనుకునేవాణ్ణి. ఇప్పుడిది మా డాబా కన్నా ఎత్తుగా ఉంది. చుట్టూ తిరిగి రావడానికి నలభై అడుగులు వేయాలి. నిచ్చెన వేసి పైకెక్కితే మసీదు గోపురం నా ఎదురుగా ఉంది. ఏటా ఇదంతా పొగై పైకి వెళ్ళేది. పోయిన నెల నేను వెలిగించిన రెండెకరాలూ ఇలాంటివి రెండు కుప్పలుగా ఉండి ఉండేవి. అవి నీ కిటికీ దాకా నడిచొచ్చాయి. వాటిని నీ పిల్లిలో కంటికి కనబడని వాళ్ళు ఒక్కో చుక్కే ఎత్తి మింగారు.

ఫుల్లా వచ్చే అక్టోబరు దాటుతుందో లేదో నాకు తెలియదు. దాటించగలనని మాటిచ్చే మొహం నాకు లేదు. నువ్వొక్కసారి వచ్చి ఈ కుప్ప చూడాలి. దాన్ని తీసుకురాకు, నువ్వు మాత్రం రా. ఇది ఒక్క ఎకరంది, అక్కా. మా ఒక్క కాలువ మీదే ఆరు వందల ఎకరాలున్నాయి.

నీ తమ్ముడు,
బద్రావి